కాల్షియం ఛానెల్, అందులో కూర్చునే బీపీ మందు

మొన్న మా బరంపురంలో సంఘం సమావేశానికి వచ్చిన ఒక పెద్దావిడ, బీపీ మాత్ర మానేసి పదిహేను రోజులైందని చెప్పారు. "అది కాల్షియాన్ని ఆపేసే మందటండీ సెక్రటరీ గారూ, ఎముకలు గుల్లబారిపోవూ?" అన్నారు. డాక్టరు ఒడియాలో చెబుతారు, చీటీ ఇంగ్లీషులో ఉంటుంది, ఇంటికొచ్చి మనం తెలుగులో అర్థం చేసుకుంటాం. "కాల్షియం ఛానెల్ బ్లాకర్" అన్న మూడు మాటల్లో ఆవిడకు మొదటిదీ చివరిదీ మాత్రమే చేరాయి. అసలు సంగతి నడిమి మాటలో ఉంది.

రక్తనాళాల గోడల్లో సన్నని కండరం ఉంటుంది. ఆ కండర కణం లోపలికంటే బయట కాల్షియం సుమారు 10,000 రెట్లు ఎక్కువ. కణం పొరలో ఉన్న ద్వారం తెరుచుకుంటే కాల్షియం లోపలికి దూకుతుంది, కండరం బిగుస్తుంది, నాళం ఇరుకై బీపీ పెరుగుతుంది. ఆ ద్వారమే ఛానెల్. దానికి అతుక్కుని పని మార్చే పదార్థాన్ని లైగాండ్ అంటారు. మందు అతుక్కునే చోటు కాబట్టి ఈ ఛానెల్‌కే రిసెప్టర్ అనే పేరూ వచ్చింది. 1984లో అమెరికాలోని సియాటిల్‌లో విలియం కాటరాల్ ప్రయోగశాల దీన్ని కుందేలు కండరం నుంచి శుద్ధి చేసి తీసింది.

దాని రూపం వివరంగా కనబడడానికి మరో ముప్పై ఏళ్ళు పట్టింది. 2015లో బీజింగ్‌లోని సింగ్‌హువా విశ్వవిద్యాలయంలో నియెంగ్ యాన్ బృందం క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీతో, అంటే నమూనాను గడ్డకట్టించి ఎలక్ట్రాన్లతో చూసే పద్ధతిలో, కుందేలు ఛానెల్‌ను 4.2 ఆంగ్‌స్ట్రామ్‌ల వివరంతో చూపింది. మీటరును వెయ్యి కోట్ల భాగాలు చేస్తే ఒక భాగం ఒక ఆంగ్‌స్ట్రామ్. గుమాస్తాగా రిటైరైన నాకు ఆ లెక్క రెండుసార్లు వేసుకుంటే గానీ నమ్మకం కుదరలేదు.

ఛానెల్‌లోని ముఖ్య ప్రోటీనుకు నాలుగు భాగాలు. నాలుగూ వలయంగా చేరితే మధ్యలో దారి ఏర్పడుతుంది. దారి ఇరుకైన చోట ఒక్కో భాగం నుంచి ఒక్కో గ్లుటమేట్ ముందుకు వచ్చి ఉంటుంది. వాటి రుణావేశం వల్లే, చుట్టూ సోడియం ఎంత ఎక్కువున్నా, కాల్షియానికే దారి దొరుకుతుంది.

మందుతో కలిసి ఉన్న రూపాన్ని యాన్ బృందం 2019లో ప్రచురించింది. నాకు ఆశ్చర్యం వేసింది ఇక్కడే. నిఫెడిపిన్ నడిమి దారికి అడ్డంగా నిలబడదు. మూడో భాగానికీ నాలుగో భాగానికీ మధ్య పక్కగా ఒక కిటికీలాంటి సందు ఉంది, అందులో చేరుతుంది. ఛానెల్‌ను తెరిపించే బే కె 8644 అనే పదార్థం కూడా ఆ సందులోనే కూర్చుంటుంది! చోటు ఒకటే, పని మాత్రం తలకిందులు. వెరాపమిల్ అలా కాదు, నేరుగా నడిమి దారిలోనే అడ్డం పడుతుంది. మన ఇళ్ళలో ఎక్కువగా వాడే ఆమ్లోడిపిన్ నిఫెడిపిన్ కుటుంబానిదే. 2021లో దాన్నీ ఆ సందులోనే చూశారు.

ఇది కుందేలు కాలి కండరాల్లోని రకం. మన రక్తనాళాల్లో ఉన్నది దీనికి చాలా దగ్గరి తోబుట్టువు.

కాబట్టి ఆ మాత్ర ఎముకల్లోంచి కాల్షియం తీయదు, తిన్న పాలనూ రాగులనూ వృథా చేయదు. కణం గుమ్మం దగ్గర రాకపోకలు తగ్గిస్తుంది, అంతే. కొందరికి చీలమండలు వాస్తాయి. అది కాల్షియం తక్కువై కాదు, సన్నని నాళాలు వదులై నీరు కిందికి చేరడం వల్ల. వాపు కనబడితే డాక్టరుకు చెప్పాలి, మాత్ర మన అంతట మనం మానకూడదు. నిఫెడిపిన్, వెరాపమిల్ ఒకటే కదా అని మార్చుకోవడమూ తగదు. వెరాపమిల్ గుండె వేగాన్ని కూడా తగ్గిస్తుంది.

మర్నాడు ఆవిడతో పాటు ఆసుపత్రికి నేనూ వెళ్ళాను, ఒడియా మాట తెలుగు చేయడానికి. డాక్టరు బీపీ చూసి అదే మాత్ర మళ్ళీ మొదలుపెట్టమన్నారు. ఎముకల సంగతి వేరే పరీక్షతో చూద్దామన్నారు.