కొత్త పికప్‌కు చక్రాలు: 18 అంగుళాలా, 20 అంగుళాలా?

ఢిల్లీ కరోల్‌బాగ్ దుకాణాల్లో పెద్ద అలాయ్ చక్రాలు కొత్త పికప్ యజమానులను ఊరిస్తుంటాయి. మార్చే ముందు లెక్క చూసుకోవాలి.

సైజు: టయోటా హైలక్స్ 'హై' వేరియంట్ టైరు 265/60 ఆర్18. అంటే వెడల్పు 265 మి.మీ., సైడ్‌వాల్ అందులో 60 శాతం (159 మి.మీ.), రిమ్ము 18 అంగుళాలు. రిమ్ము 20 అంగుళాలైతే, చక్రం ఎత్తు పెరగకుండా 265/50 టైరు వేయాలి. అప్పుడు సైడ్‌వాల్ సుమారు 132 మి.మీ.కి తగ్గుతుంది. వానాకాలంలో గురుగ్రామ్ రోడ్లపై నీటి కింద గుంత తగిలితే దెబ్బ రిమ్ముకే. బరువు మోసే బండి కాబట్టి టైరు లోడ్ ఇండెక్స్ కూడా కంపెనీ చెప్పినదానికంటే తగ్గకూడదు.

ఫినిష్: డైమండ్ కట్ మెరుపు బాగుంటుంది. కానీ పైపూత లేస్తే తేమ లోపలికి చేరి తెల్లటి చారలు వస్తాయి. మళ్లీ చెక్కించిన ప్రతిసారీ లోహం తరుగుతుంది. గ్లాస్ బ్లాక్‌పై దుమ్ము, గీతలు ఇట్టే కనిపిస్తాయి. గ్రే, సిల్వర్ రంగుల పౌడర్ కోటింగ్ ఎక్కువ కాలం నిలుస్తుంది.

చట్టం: మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ప్రమాణాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టూ ఇదే చెప్పింది.

అందుకే సైజు కంపెనీది ఉంచుకుని, అభిరుచిని రంగులో చూపుకోవడమే మేలు.