లేపం, కలికం, మలాం: ఉత్తర తెలంగాణలో పైపూతల, కంటి మందుల పేర్ల చరిత్ర

ఉపోద్ఘాతం

తెలుగులో ‘మందు’ అనే మాట మింగేదానికీ, పూసేదానికీ, కంట్లో వేసేదానికీ ఒక్కటే. తేడా చెప్పేది దాని పక్కన చేరే క్రియ. మందు మింగుతారు, రాస్తారు, రుద్దుతారు. పట్టు వేస్తారు, కట్టు కడతారు, పసరు పిండుతారు. కంటికైతే కలికం వేస్తారు, కాటుక పెడతారు. మందు శరీరంలోకి ఏ దారిన పోవాలో పేరులోనో క్రియలోనో ఇమిడి ఉండటం ఈ పదజాలం ప్రత్యేకత. పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో తెలుగు, సంస్కృతం, ఉర్దూ, గోండి, కొలామీ, ఇంగ్లీషు కలిశాయి. అక్కడ ఈ పదజాలం ఎలా మారిందో, ఆ మార్పులో ఏది జారిపోయిందో పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం.

శాస్త్ర గ్రంథాల్లో దారి వివేకం

చర్మంపై వేసే మందును సుశ్రుత సంహిత ప్రలేపం, ప్రదేహం, ఆలేపం అని మూడుగా విభజించింది. పూత తడి గేదె తోలంత మందంగా ఉండాలని, రోమాలకు ఎదురు దిశలో వేయాలని, ఎండిన పూతను ఒంటిపై ఉంచరాదని నియమించింది. ఎదురుగా రాసినప్పుడే మందు రోమకూపాల గుండా, చెమట నాళాల గుండా లోపలికి చేరుతుందని కారణం కూడా చెప్పింది. చర్మం మూసిన గోడ కాదని, దానికి ద్వారాలున్నాయని ఆ గ్రంథకర్తల అవగాహన.

కంటి విషయంలో ఈ విభజన మరింత సూక్ష్మం. శార్ఙ్గధర సంహిత సేకం, ఆశ్చ్యోతనం, పిండి, బిడాలకం, తర్పణం, పుటపాకం, అంజనం అని ఏడు పద్ధతులను పేర్కొంది. ఆశ్చ్యోతనం అంటే చుక్కలు వేయడం. చికిత్స ప్రయోజనాన్ని బట్టి 8, 10, 12 చుక్కలని లెక్క. రెప్పలపై పూసే లేపం బిడాలకం. తర్పణంలో కంటి చుట్టూ మినపపిండితో కట్ట కట్టి, అందులో నేయి నింపి కొంతసేపు నిలుపుతారు. కంట్లో పడ్డ మందు నిలవదన్న అనుభవమే ఆ కట్టకు మూలమని ఊహించవచ్చు.

ఇటువంటి జ్ఞానం సంస్కృతం చదివినవారికే పరిమితం కాలేదు. తెలుగు వైద్యుల చేతి పుస్తకంగా నిలిచిన బసవరాజీయం సంస్కృతాన్నీ తెలుగునూ కలిపి నడిచిన గ్రంథం. జనవ్యవహారంలో ‘కలికానికి కూడా లేదు’ అనే జాతీయం ఉంది. ఏదైనా వస్తువు రవ్వంతైనా మిగలలేదని దాని భావం. కంటికి వేసే మోతాదు అతి స్వల్పమన్న వైద్య నియమం ఇలా పలుకుబడిగా మిగిలింది.

ఒకే ధాతువు, రెండు దారులు

‘అంజనం’ చరిత్ర ఆసక్తికరం. సంస్కృతంలో ‘అంజ్’ ధాతువుకు పూయడమనే అర్థముంది. కంటికి పూసేది అంజనమైంది. ఒంటికి నూనె పట్టించడం అభ్యంజనమైంది. తెలుగు వాడుకలో అంజనం కంటికే స్థిరపడింది. పోయిన వస్తువును చూపిస్తుందని నమ్మే మాయాంజనానికీ వ్యాపించింది. కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో ప్రారంభించిన తలనొప్పి మందుకు అమృతాంజనం అని పేరు పెట్టడంతో ఆ మాట తిరిగి చర్మానికి చేరింది. ధాతువును బట్టి చూస్తే పేరు సరైనదే. వాడుకను బట్టి చూస్తే కంటి మందు పేరు కంటికి తగలకూడని మందుకు వచ్చింది. వ్యాపార నామం ప్రవేశించాక పేరుకూ దారికీ మధ్య బంధం సడలడానికి ఇది తొలి ఉదాహరణల్లో ఒకటి.

అడవి, దర్బారు

ఆదిలాబాద్ అడవుల్లో ఇప్పగింజల నూనె వంటకూ దీపానికే కాక ఒంటికి రాయడానికీ పనికివచ్చింది. నల్లజీడి రసం బట్టలపై చాకలి గుర్తుకు వాడతారు. అదే రసం చర్మానికి తగిలితే పొక్కులు లేస్తాయి. ఉమ్మెత్త రెండు దారులనూ కలిపే మొక్క. దాని ఆకు నొప్పులపై కట్టే మందు. దాని రసం కంట్లో పడితే కంటిపాప విచ్చుకుంటుంది. గోండి, కొలామీ భాషల్లో ఇటువంటి మొక్కలకున్న పేర్లను తెలుగు పేర్ల పక్కన చేర్చితే తప్ప ఈ పదకోశం పూర్తి కాదు.

1948 వరకు ఈ జిల్లాలు నిజాం పాలనలో ఉన్నాయి. పాలనా భాష ఉర్దూ. 1918లో స్థాపించిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధనా భాష కూడా అదే. యునానీ వైద్యంతో, దవాఖానాతో పాటు మలాం, సుర్మా, గోలీ తెలంగాణ తెలుగులో స్థిరపడ్డాయి. ‘మర్హమ్’ నుంచి వచ్చిన మలాం చర్మానికి, సుర్మా కంటికి. అంటే దారి భేదాన్ని ఉర్దూ పదాలూ నిలిపాయి. 1920లో హైదరాబాదులో మొదలైన జిందా తిలిస్మాత్ భిన్నమైనది. అది తాగడానికీ, రుద్దడానికీ, ఆవిరి పట్టడానికీ పనికివచ్చే ఒకే సీసా. దాని పేరు మహిమను చెబుతుంది, దారిని చెప్పదు.

ఆధునిక దశ

నేటి ఔషధ శాస్త్రం పాత ప్రశ్నలనే కొత్త కొలతలతో అడుగుతోంది. కన్నీటి పొర పరిమాణం సుమారు 7 మైక్రోలీటర్లు. సీసా నుంచి పడే చుక్క 30 నుంచి 50 మైక్రోలీటర్లు. మిగిలింది చెంపపైకో ముక్కులోకో జారిపోతుంది. కంటి లోపలికి చేరేది సాధారణంగా 5 శాతం లోపే. చర్మం పైనున్న మృతకణాల పొర చాలా మందులను అడ్డుకుంటుంది. చిన్న అణువులు, కొవ్వులో కరిగేవి మాత్రమే సులభంగా దాటుతాయి. 1979లో అమెరికాలో ఆమోదం పొందిన తొలి చర్మపు పట్టీలోని స్కోపొలమైన్ ఉమ్మెత్త జాతి మొక్కల్లో దొరికే రసాయనమే.

ఇదే కాలంలో ఈ ప్రాంతంలో నేత్రవైద్యం ఊళ్లకు చేరింది. 1996 నుంచి 2000 వరకు సాగిన ఆంధ్రప్రదేశ్ నేత్రవ్యాధుల అధ్యయనంలో పాల్గొన్న 10,293 మందిలో ఆదిలాబాద్ జిల్లా గ్రామీణులూ ఉన్నారు. ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 1996లో ఇదే జిల్లాలోని ముధోల్‌లో గ్రామీణ కేంద్రాన్ని నెలకొల్పింది. వైద్యం దగ్గరైంది, మందుపై రాసిన భాష మాత్రం దూరంగానే ఉంది. ఇంగ్లీషు ‘ఆయింట్‌మెంట్’ చర్మానికీ కంటికీ ఒకటే మాట. వాడుకలో రెండూ ‘ట్యూబు’ అయ్యాయి. కంటి మందు సూక్ష్మజీవి రహితంగా తయారు కావాలి. చర్మపు మందుకు అన్ని వేళలా ఆ నియమం లేదు. స్టెరాయిడ్ ఉన్న చర్మపు పూతను కంట్లో పదే పదే పెడితే లోపలి ఒత్తిడి పెరిగి చూపు పోయే ప్రమాదముంది.

ముగింపు

పాత పదాలను ఆదర్శీకరించనవసరం లేదు. చాలా సుర్మాల్లో సీసం ఉంది. కంట్లో పిండిన పసరు నల్లగుడ్డుపై పుండు చేయగలదు. కలికం అనే పేరు దారిని చెప్పింది కాని శుద్ధికి హామీ ఇవ్వలేదు. ఆధునిక తయారీ శుద్ధిని ఇచ్చి, పేరులోని దారిని తీసేసింది. ఈ రెంటినీ కలపడం పరిభాషా నిర్మాతల బాధ్యత. ‘కంటి కలికం’, ‘పైపూత’, ‘చర్మపు పట్టీ’, ‘చుక్కల మందు’ వంటి మాటలు కరీంనగర్, ఆదిలాబాద్ వాడుకకు కొత్తవి కావు, కష్టమైనవీ కావు. మందు పెట్టెపై తెలుగులో అటువంటి ఒక్క మాట ఉన్నా, చదవగలిగిన ఇంటివారికి అది వైద్యుడి సూచనతో సమానం. అప్పుడు పరిభాష నిఘంటువులో కూర్చునే అలంకారం కాదు, చూపు కాపాడే సాధనం.