సొంతంగా గేమింగ్ పీసీ అసెంబుల్ చేస్తున్నారా? జర్మనీలో విడిభాగాలు ఎంచుకునే వరుస ఇదీ

జర్మనీలో హైస్కూలు వయసు పిల్లలున్న తెలుగు ఇళ్లలో గేమింగ్ పీసీ మాట రాని ఇల్లు తక్కువ. విడిభాగాలు కొని ఇంట్లోనే బిగించుకుంటే దేనికి ఎంత ఖర్చు పెట్టాలో మన చేతిలో ఉంటుంది. రేపు ఒక్క భాగమే మార్చుకోవచ్చు కూడా. అయితే ఒక్క జీతంతో నడిచే ఇంటికి 800 యూరోలు చిన్న మొత్తం కాదు, వేసవిలో ఒకరి ఇండియా టికెట్టు డబ్బు. కాబట్టి ఏ వరుసలో ఎంచుకోవాలి, ఎప్పుడు కొనాలి అన్న రెండు విషయాలు ముందే తేల్చుకుంటే మంచిది.

మొదట స్క్రీన్, ఆట

హోమ్ ఆఫీస్ కోసం కొన్న మానిటర్ చాలా ఇళ్లలో ఉంటుంది. దాని వెనక స్టిక్కర్ చూడండి. 1920×1080 అయితే కార్డు ఒక్కో ఫ్రేమ్‌కు సుమారు 21 లక్షల చుక్కలు గీయాలి. 2560×1440 అయితే సుమారు 37 లక్షలు, 4కే అయితే దాదాపు 83 లక్షలు. స్క్రీన్ పెద్దదయ్యే కొద్దీ కార్డు ఖర్చు పెరిగేది ఇందుకే. మానిటర్ 60 హెర్ట్జ్‌దైతే సెకనుకు 60 ఫ్రేములకు మించి చూపలేదు. తక్కువ బడ్జెట్‌కు 1080 స్క్రీన్ సరైన జోడీ.

తర్వాత పిల్లల చేత ఆడే ఆటల పేర్లు రాయించండి. మైన్‌క్రాఫ్ట్, వాలరెంట్, ఫోర్ట్‌నైట్‌లకు మామూలు కార్డు సరిపోతుంది. సైబర్‌పంక్ 2077 లాంటివి జాబితాలో ఉంటే లెక్క మారుతుంది.

గ్రాఫిక్స్ కార్డు

మొత్తం బడ్జెట్‌లో 35 నుంచి 45 శాతం దీనికే పోతుంది. 2025లో వచ్చిన వాటిలో ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 5060, ఏఎండీ ఆర్ఎక్స్ 9060 ఎక్స్‌టీ ఈ తరగతివి. 2024 డిసెంబరులో వచ్చిన ఇంటెల్ ఆర్క్ బీ580 కూడా ఉంది. పేరు కన్నా ముందు కార్డు మీద ఉండే మెమరీ చూడండి. 8 జీబీ ఇప్పటి ఆటలకు 1080లో నడుస్తుంది కానీ కొత్త ఆటలు హై సెట్టింగ్స్‌లో అంతకు మించి అడుగుతున్నాయి. నాలుగైదేళ్లు వాడాలనుకుంటే 12 జీబీ ఉన్న బీ580 గానీ, 16 జీబీ 9060 ఎక్స్‌టీ గానీ చూడొచ్చు. బీ580కి రీసైజబుల్ బార్ అనే సదుపాయం ఉన్న కొత్త తరం బోర్డు, ప్రాసెసర్ కావాలి. పాత పీసీలో పెడితే వేగం బాగా తగ్గుతుంది.

డల్లాస్‌లో ఉన్న తమ్ముడు చెప్పే ధరతో పోల్చుకుని బాధపడకండి. 16 జీబీ 9060 ఎక్స్‌టీ అమెరికా విడుదల ధర 349 డాలర్లు, అందులో సేల్స్ ట్యాక్స్ ఉండదు. ఇక్కడ కనిపించే ధరలో 19 శాతం వ్యాట్ కలిసే ఉంటుంది.

ప్రాసెసర్, మదర్‌బోర్డు

ఆటలకు ఆరు కోర్ల ప్రాసెసర్ చాలు. రెండు దారులున్నాయి. ఏఎం5 సాకెట్‌లో రైజెన్ 5 7600, బీ650 బోర్డు, డీడీఆర్5 ర్యామ్ మొదటిది. ఈ సాకెట్‌కు కనీసం 2027 దాకా కొత్త ప్రాసెసర్లు ఇస్తామని ఏఎండీ చెప్పింది కాబట్టి రెండు మూడేళ్ల తర్వాత బోర్డు మార్చకుండా ప్రాసెసర్ మార్చుకోవచ్చు. ఏఎం4లో రైజెన్ 5 5600, బీ550 బోర్డు, డీడీఆర్4 రెండోది. చవక, కానీ ముందుకు దారి పెద్దగా లేదు. డీడీఆర్4, డీడీఆర్5 ఒకదాని స్లాట్‌లో ఒకటి పట్టవు.

జర్మన్ షాపుల్లో ఒకే ప్రాసెసర్ రెండు ధరల్లో కనిపిస్తుంది. చవకగా ఉన్నదాని పేరు పక్కన ‘ట్రే’ అని ఉంటే అందులో కూలర్ ఉండదు. ‘బాక్స్‌డ్’ అని ఉన్న 7600లో కూలర్ వస్తుంది. విడి కూలర్ ధర కలిపి పోల్చండి.

బడ్జెట్ మరీ తక్కువైతే రైజెన్ 5 8600జీ తీసుకుని, దానిలోనే ఉన్న గ్రాఫిక్స్‌తో తేలికైన ఆటలు మొదలుపెట్టి, కార్డు మరుసటి ఏడాది చేర్చవచ్చు.

ఇంకో చిన్న విషయం. చవక బోర్డుల్లో వైఫై ఉండదు. రూటర్ హాల్లో, పీసీ పిల్లల గదిలో ఉండి, అద్దె ఇంట్లో గోడకు రంధ్రం కొట్టలేకపోతే, పేరులో వైఫై అని ఉన్న బోర్డే తీసుకోండి.

ర్యామ్, ఎస్ఎస్‌డీ

16 జీబీ తీసుకుంటే ఒకే 16 కన్నా రెండు 8లు మేలు. రెండు దారుల్లో ఒకేసారి డేటా వెళ్తుంది కాబట్టి ఆటల్లో తేడా కనిపిస్తుంది. 32 జీబీ హాయి. కాకపోతే ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల 2025 చివరి నెలల్లో ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. పాత వీడియోలో చెప్పిన మొత్తం నమ్మి బడ్జెట్ వేయకండి. ఎస్ఎస్‌డీ 1 టీబీ ఎన్‌వీఎంఈ చాలు. అందులో అత్యంత వేగవంతమైన మోడల్‌కు పెట్టే అదనపు డబ్బు ఆటలో పెద్దగా తెలియదు.

పవర్ సప్లైలో పొదుపు వద్దు

కూడిక సులువు. 5060 కార్డు 145 వాట్లు, 7600 ప్రాసెసర్ గరిష్ఠంగా 88, మిగతావన్నీ కలిపి 50 అనుకుంటే 283 వాట్లు. 550 వాట్ల పవర్ సప్లై ధీమాగా సరిపోతుంది, 850 అక్కర్లేదు. పేరున్న కంపెనీది, 80 ప్లస్ గోల్డ్ గుర్తు ఉన్నది తీసుకోండి. హాంబర్గ్ పక్కనే గ్లిండేలో ఉన్న బీ క్వైట్ లాంటి సంస్థలవి తేలిగ్గా దొరుకుతాయి. కేబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చే పేరు తెలియని పవర్ సప్లై చెడిపోతే మిగతా భాగాలనూ దెబ్బతీయవచ్చు.

కరెంటు బిల్లు కూడా చూసుకుందాం. మానిటర్‌తో కలిపి 300 వాట్లు, రోజుకు రెండు గంటల ఆట అయితే నెలకు 18 యూనిట్లు. యూనిట్ 35 సెంట్లు వేసుకుంటే 6 యూరోల 30 సెంట్లు.

విండోస్ ఖర్చు చాలామంది మర్చిపోతారు. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది, కాబట్టి 11 వేసుకోవాలి. లైనక్స్ ఉచితమే గానీ వాలరెంట్, ఫోర్ట్‌నైట్ దానిలో నడవవు.

అన్నీ ఒకే వారంలో కొనండి

నెలకొకటి చొప్పున ఆఫర్ చూసి కొంటే భారం తెలియదు అనిపిస్తుంది. కానీ చివరి భాగం వచ్చేదాకా మొదటి భాగం పనిచేస్తుందో లేదో తెలిసే వీలు లేదు. జర్మనీలో ఆన్‌లైన్‌లో కొన్న వస్తువును చేతికందిన 14 రోజుల్లోపు కారణం చెప్పకుండా వద్దనుకునే హక్కు ఉంది, దాన్నే వీడర్‌రూఫ్ అంటారు. షాపులో పరీక్షించినంత మేరకు చూడవచ్చు. అంతకు మించి వాడి విలువ తగ్గిస్తే కొంత కోత పెట్టొచ్చు. షాపుకు వెళ్లి కొన్నదానికి చట్టప్రకారం ఈ హక్కు లేదు. డబ్బు నెలనెలా పక్కన పెట్టి, భాగాలన్నీ ఒకే వారంలో తెప్పించుకుంటే 14 రోజుల గడువు అన్నిటికీ కలిసి వస్తుంది.

గడువు దాటాక తేలిన లోపానికి గెవేర్‌లైస్టుంగ్ ఉంది. కొత్త వస్తువుకు రెండేళ్లపాటు అమ్మిన షాపుదే బాధ్యత. 2022 జనవరి 1 నుంచి, మొదటి ఏడాదిలో బయటపడిన లోపం మొదటి నుంచీ ఉన్నట్టే లెక్క, కాదని షాపే నిరూపించుకోవాలి. ‘కంపెనీకి రాసుకోండి’ అని షాపు అంటే ఈ మాట గుర్తుచేయండి. కంపెనీ ఇచ్చే గరాంటీ వేరు, అది వాళ్లు స్వచ్ఛందంగా ఇచ్చేది. బిల్లును, అంటే రెష్నుంగ్‌ను, పెట్టెలను దాచుకోండి.

ధరలు పోల్చడానికి గైట్స్‌హాల్స్, ఇడియాలో ఉన్నాయి. గైట్స్‌హాల్స్ అంటే పిసినారి అని అర్థం! అందులో భాగాల జాబితా తయారుచేస్తే ఏ షాపులో మొత్తం ఎంతవుతుందో చూపిస్తుంది. షిప్పింగ్ ఖర్చు కూడా చూడండి.

వాడిన భాగాలు క్లైన్‌ఆన్‌ట్సైగెన్‌లో దొరుకుతాయి. ప్రైవేటుగా అమ్మేవాళ్లు సాధారణంగా గెవేర్‌లైస్టుంగ్ లేదని ముందే రాసేస్తారు. కేబినెట్, మానిటర్ అక్కడ కొనవచ్చు. గ్రాఫిక్స్ కార్డైతే వాళ్లింట్లో నడుస్తుండగా చూసి తెచ్చుకోండి. పేపాల్‌లో ‘ఫ్రెండ్స్’ పద్ధతిలో డబ్బు పంపితే కొనుగోలుదారు రక్షణ ఉండదు.

బిగించే రోజు

చలికాలంలో హీటింగ్ వల్ల గది గాలి పొడిబారుతుంది, కార్పెట్ మీద నడిస్తే ఒంట్లో స్థిర విద్యుత్తు చేరుతుంది. కార్పెట్ లేని చోట బల్ల మీద పని పెట్టుకుని, ప్రతి భాగం పట్టుకునే ముందు కేబినెట్ ఇనుమును ముట్టుకోండి. మానిటర్ కేబుల్‌ను బోర్డుకు పెట్టకుండా గ్రాఫిక్స్ కార్డుకే పెట్టాలి. తర్వాత బయాస్‌లో ర్యామ్ వేగం కోసం ఎక్స్‌పో లేదా ఎక్స్‌ఎంపీ ఆన్ చేయండి. మొదటి వారంలోనే మెమరీ టెస్ట్ నడపండి, పిల్లలు ఆడే ఆటలన్నీ ఒకసారి ఆడి చూడండి.

రేపు ఇండియాకు తిరిగి వెళ్లినా ఈ పీసీ పనికొస్తుంది. రెండు చోట్లా 230 వోల్టులు, 50 హెర్ట్జ్‌లే కాబట్టి పవర్ కేబుల్ ఒక్కటి మారిస్తే చాలు. ప్రయాణంలో గ్రాఫిక్స్ కార్డు మాత్రం ఊడదీసి, దాని సొంత పెట్టెలోనే పెట్టి తీసుకెళ్లండి.