పుదీనా (గృహవైద్యం)

తులసి కుటుంబపు మొక్క. పేరు పారశీకం నుంచి వచ్చింది. ఆకలి పుట్టించే దీపనంగా, తిన్నది అరిగించే పాచనంగా ఆయుర్వేదం దీన్ని వాడుతుంది. నోటికి చల్లగా తగిలినా దీన్ని ఉష్ణవీర్యంగానే లెక్కిస్తారు. ఆ చల్లదనం, చలిని పసిగట్టే నాడులను పుదీనాలోని మెంథాల్ ప్రేరేపించడం వల్ల కలిగేదే.

అజీర్తికీ వికారానికీ ఇళ్లలో ఆకు రసంలో నిమ్మరసం, తేనె కలిపి చెంచాడు ఇస్తారు. అన్నిటికన్నా విశేషమైనది అమృతధార. పుదీనా పువ్వు, వాము పువ్వు, కర్పూరం సమపాళ్లలో సీసాలో వేస్తే, చుక్క నీరైనా లేకుండానే మూడూ కరిగి ద్రవమవుతాయి. ఇక్కడ పుదీనా పువ్వంటే పూసిన పువ్వు కాదు, తైలం నుంచి తీసిన మెంథాల్ స్ఫటికాలు; వాము పువ్వూ అలాగే వాము తైలం నుంచి తీసినదే. ఘాటైన మందు, చుక్కల లెక్కనే వాడాలి.

గుండెమంట ఉన్నవారికి పుదీనా దాన్ని పెంచవచ్చు. పసిపిల్లల ముక్కు దగ్గర మెంథాల్ అసలు రాయకూడదు, ఊపిరికే ప్రమాదం.