ప్రాచీన జానపద కళాఖండాల సేకరణ

గ్రామీణులు, చేతివృత్తులవారు ఇంటి వాడకానికో పూజకో పండగకో చేసుకున్న పాత వస్తువులను, అంటే నేతబట్టలు, కుండలు, కొయ్యబొమ్మలు, పటాలు, ముఖతొడుగుల వంటివాటిని, వాటి అందం కోసమూ చరిత్ర కోసమూ సమకూర్చి భద్రపరచడాన్ని జానపద కళాఖండాల సేకరణ అంటారు. ఐరోపాలో 16, 17 శతాబ్దాల రాజులు, సంపన్నులు తమ వింతవస్తువుల గదుల్లో దూరదేశాల చేతిపనులను ఉంచుకునేవారు గాని, సొంత దేశపు రైతు వాడే గిన్నెనూ దుప్పటినీ దాచదగినవిగా గుర్తించడం 19వ శతాబ్ది ద్వితీయార్ధంలో, కర్మాగారాల సరుకు పల్లెలకు చేరి పాత సామాను మూలపడుతున్న రోజుల్లో, ఊపందుకుంది.

స్వీడన్‌కు చెందిన ఆర్తుర్ హాజేలియస్ (1833–1901) 1872లో దలార్నా ప్రాంతంలో పర్యటిస్తూ, అక్కడి రైతు కుటుంబాల దుస్తులూ ఆచారాలూ వేగంగా మారిపోవడం గమనించి, ఒక ఉన్ని పావడా కొని తన సేకరణను ఆరంభించాడు. మరుసటి ఏడు స్టాక్‌హోంలో ప్రదర్శన తెరిచి, నిలువెత్తు బొమ్మలకు అసలైన దుస్తులు తొడిగి, పల్లె ఇళ్ల గదులను ఉన్నవి ఉన్నట్టుగా అమర్చాడు. 1891లో స్కాన్సెన్ అనే ఆరుబయలు ప్రదర్శనశాలను నెలకొల్పి ఇళ్లకు ఇళ్లనే అక్కడికి తరలించాడు. వస్తువును దాని పరిసరాల నుంచి విడదీస్తే అర్థం కాదన్నది ఆయన పద్ధతికి మూలం.

జపాన్ తత్త్వవేత్త యానగి సోయెత్సు (1889–1961) దాదాపు దీనికి ఎదురు దారిలో నడిచాడు. 1914లో కొరియా నుంచి వచ్చిన అసకావా నోరితక ఆయనకొక చిన్న పింగాణీ పాత్రను కానుకగా ఇచ్చాడు. జోసన్ రాజవంశ కాలానికి చెందిన ఆ తెల్లని పాత్రకు పలకలు తీర్చిన ఒళ్లు, దానిపై నీలిరంగులో నాలుగు గీతలతో వేసిన గడ్డిమొక్కలు తప్ప వేరే అలంకారమేమీ లేకపోయినా, అది యానగిని కొరియా సామాన్యుల చేతిపనుల వైపు మళ్లించింది. 1924లో ఆయన సియోల్‌లోని రాజప్రాసాద ఆవరణలో కొరియా జానపద కళా ప్రదర్శనశాలను ఏర్పాటు చేశాడు. 1925లో కుమ్మరి కళాకారులు హమాదా షోజి, కవాయి కంజిరోలతో కలిసి, ‘ప్రజల చేతికళ’ అనే అర్థంలో ‘మింగేయి’ అనే మాటను కల్పించాడు. పారిశ్రామికవేత్త ఓహారా మగోసబురో ధనసహాయంతో 1936లో టోక్యోలో జపాన్ జానపద కళా ప్రదర్శనశాలను తెరిచాడు. క్యోటో ఆలయంలో భద్రపరచిన కిజాయెమోన్ అనే కొరియా తేనీటి గిన్నెను చూసి, తేనీటి గురువులు నెత్తిన పెట్టుకున్న ఆ గిన్నె నిజానికి పేరులేని కుమ్మరి బీదవాడి కూటికోసం తొందరతొందరగా తిప్పి చేసినదేననీ, కింది భాగంలో మెరుగుపూత కుదురుకోక పూసల్లా గడ్డకట్టిన తీరే దాని అందమనీ ఆయన వివరించాడు. చదివి తెలుసుకోకముందే కళ్లతో చూడాలన్న ఆయన నియమాన్ని అనుసరించి టోక్యో ప్రదర్శనశాలలో వివరణ పలకలను ఇప్పటికీ క్లుప్తంగానే ఉంచుతారు. ఈ సిద్ధాంతం సామాన్యుడి పనికి అపూర్వమైన గౌరవం తెచ్చిన మాట నిజమే అయినా, పేరులేకపోవడాన్నే సుగుణంగా ఎంచడంవల్ల, తెలుసుకోవడానికి వీలున్న కళాకారుల పేర్లను కూడా సేకర్తలు అడగకుండా వదిలేయడానికి అది ఒక సాకుగా మారింది.

అమెరికాలో 1932 నాటి న్యూయార్క్ ఆధునిక కళా ప్రదర్శనశాల ప్రదర్శనతో స్వదేశీ జానపద కళకు గుర్తింపు పెరిగింది. నానా దేశాల వస్తువులను ఒకచోట చేర్చినవారిలో వాస్తుశిల్పి, వస్త్ర రూపకర్త అలెగ్జాండర్ గిరార్డ్ (1907–1993) ముఖ్యుడు. ఆయన, భార్య సుసాన్ కలిసి కూడబెట్టిన లక్షకు పైగా బొమ్మలు, ఆటవస్తువులు, వస్త్రాలు 1978లో సాంటా ఫేలోని అంతర్జాతీయ జానపద కళా ప్రదర్శనశాలకు దక్కాయి. భారతదేశపు బట్టలూ బొమ్మలూ వాటిలో గణనీయంగా ఉన్నాయి.

కొనుగోళ్లు పెరిగేకొద్దీ దొంగతనాలూ పెరిగాయి. కెన్యా తీరంలోని మిజికెండా ప్రజలు చనిపోయిన పెద్దల ఆత్మలకు నిలయంగా నాటే చెక్కడపు కొయ్యలను ‘విగాంగో’ అంటారు. నాటినచోటే శిథిలం కావలసిన ఆ కొయ్యలను 20వ శతాబ్ది చివరి దశాబ్దాల్లో దొంగలు పెకిలించి విదేశీ వ్యాపారులకు అమ్మగా, వాటిని దానంగా పొందిన అమెరికా ప్రదర్శనశాలల్లో కొన్ని తరువాత తిరిగి పంపించాయి. సాంస్కృతిక సంపద అక్రమ రవాణాను అరికట్టేందుకు యునెస్కో 1970లో ఒప్పందాన్ని ఆమోదించింది. నూరేళ్లు దాటిన కళాఖండాలను దేశం దాటించడాన్ని భారతదేశం 1972 నాటి పురావస్తువుల చట్టంతో ప్రైవేటు వ్యక్తులకు నిషేధించింది.

నిలపకూడనిదాన్ని నిలిపి ఉంచవచ్చా అన్న ప్రశ్న తెలంగాణ పటాలకూ వర్తిస్తుంది. నకాషీ చిత్రకారులు పొడవాటి గుడ్డపై అడ్డవరుసలుగా వేసే కులపురాణ చిత్రమాలను పటం అంటారు; దాన్ని ఆడించే కూనపులివారు పద్మశాలీలకు మార్కండేయ పురాణాన్ని, డక్కలివారు మాదిగలకు జాంబ పురాణాన్ని వినిపిస్తారు. చిరిగి వన్నె తగ్గిన పటాన్ని శాస్త్రోక్తంగా నీటిలో కలిపి, కొత్తది రాయించుకోవడం ఆచారం కనుక పాత పటాలు సహజంగానే అరుదు. హైదరాబాదులో స్థిరపడిన చిత్రకారులు జగదీశ్ మిత్తల్, కమలా మిత్తల్ దంపతులు సేకరించి, తమ పేరిట 1976లో ఏర్పడిన ప్రదర్శనశాలలో భద్రపరచినవి లేకపోతే ఈ చిత్రకళ పూర్వరూపాన్ని పరిశీలించే వీలు చాలావరకు ఉండేది కాదు. అయితే పటంలోని ఒక్కొక్క అడ్డవరుస ఒక్కొక్క కథాఘట్టం కాబట్టి, కథకుడి పాటనూ వరుసనూ పటంతోపాటు నమోదు చేస్తే తప్ప, గాజు పలక వెనుక వేలాడే చిత్రంలో ఎవరు ఎవరో చూసేవారికి తెలియదు.