శాలువ మడతల్లో పచౌలి ఆకు

అత్తర్లలో వాడే పచౌలికి ఆ పేరు 'పచ్చ ఆకు' అనే అర్థమిచ్చే తమిళ మాటల నుంచి వచ్చిందంటారు. ఇది తులసి కుటుంబపు మొక్క. 19వ శతాబ్దంలో కాశ్మీరు శాలువలను ఐరోపాకు పంపే వర్తకులు, పురుగు కొట్టకుండా మడతల్లో ఈ ఎండుటాకు పెట్టేవారు. ఆ వాసన ఉంటేనే అసలు సరుకని అక్కడివారు నమ్మారు. అది కనిపెట్టి ఫ్రాన్సు వ్యాపారులు ఆ ఆకునే తెప్పించి, తమ నకిలీ శాలువలకూ వాసన పట్టించారు!

ఆకును నీడన ఆరబెట్టి, ఆవిరి పట్టి నూనె తీస్తారు. నిలవ ఉన్నకొద్దీ నూనె వాసన ఇంపెక్కుతుంది. నేడు ఎక్కువ నూనె ఇండోనేషియాదే. వాసనను నమ్మి శాలువ కొన్నవారు మోసపోయారు గదా! మీరు మాత్రం అత్తరు మాట విని తొందరపడక, నూనె తీసే బట్టీ ఎక్కడున్నదో, కొనేవారెవరో ముందుగా విచారించుకొని మరీ నారు నాటండి.