షుగరు చాటున మాత్ర: హెచ్‌ఐవి చికిత్సా చరిత్రలో చెప్పని భాగం

ఆంధ్రదేశంలో హెచ్‌ఐవి చికిత్స చరిత్రను మరణాలు తగ్గిన కథగా చెప్పడం పరిపాటి. ఆ కథ నిజమే. 2001లో సిప్లా సంస్థ మూడు మందుల కలయికను రోగికి ఏడాదికి 350 డాలర్ల ధరకు ఒక అంతర్జాతీయ వైద్య సేవాసంస్థకు ఇవ్వజూపింది. 2004 ఏప్రిల్ 1న భారత ప్రభుత్వం ఉచిత ఏఆర్‌టీ చికిత్సను ఆరంభించినప్పుడు, వ్యాధి తీవ్రత ఎక్కువగా గల ఆరు రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. అయితే బ్రతికి బయటపడిన దేహంలో ఆ మందులు ఏమి చేశాయన్నది చరిత్రరచనలోకి అంతగా రాలేదు.

ఆనాటి మాత్రలోని స్టావుడిన్ చవకైనది, వైరస్‌పై బాగా పనిచేసేది. కాని అది కణాలలోని మైటోకాండ్రియాను దెబ్బతీస్తుంది. చర్మం క్రింది కొవ్వు కరిగి బుగ్గలు లోతుకు పోతాయి, కాళ్లూ చేతులూ సన్నబడతాయి. నిలువ ఉండవలసిన చోటు కోల్పోయిన కొవ్వు కాలేయంలో, కండరాలలో చేరుతుంది. అప్పుడు ఇన్సులిన్ ఉన్నా కండరం దానికి సరిగా స్పందించదు. ప్రోటియేజ్ నిరోధకాల దారి వేరు. వీటివల్ల మధుమేహం రావచ్చునని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 1997లోనే హెచ్చరించింది. ఆ వర్గానికి చెందిన ఇండినావిర్, గ్లూకోజును కణంలోకి చేర్చే గ్లూట్-4 వాహకాన్నే అడ్డుకుంటుందని 2000లో ప్రయోగశాలలో తేలింది. తరువాత వచ్చిన అటజనావిర్ ఈ విషయంలో చాలా నయం.

శోభనాచలం క్రింద, నూజివీడు మామిడితోటల నడుమ ఉన్న ఆగిరిపల్లి వంటి ఊరిలో దీని అర్థం మారుతుంది. అక్కడ వ్యాధిని దాచవచ్చు గాని బుగ్గలను దాచలేరు. షుగరును దాచవలసిన పనే లేదు. వేసవిలో రసాలు ఎక్కువ తిన్నాడనో, తండ్రికీ ఉండేదనో కారణం సిద్ధంగా దొరుకుతుంది. మధుమేహమన్న మాట మూత్రాన్ని, షుగరన్న మాట తిండిని గుర్తుచేస్తాయి. మందు వల్ల కలిగిన లోపానికి వాడుకలో పేరే లేదు. 'ఇన్సులిన్ నిరోధకత' పుస్తకాల మాటగానే మిగిలింది. రోగికి ఇదొక రక్షణ కూడా అనిపిస్తుంది నాకు.

స్టావుడిన్‌ను క్రమంగా మానివేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో సూచించింది. మాత్ర మారినా పోయిన కొవ్వు త్వరగానూ, పూర్తిగానూ తిరిగి రాదు. నేటి చికిత్సలో ప్రధానమైన డోలుటెగ్రావిర్ షుగరు మందైన మెట్‌ఫార్మిన్ పాళ్లను రక్తంలో పెంచుతుంది. రెండూ కలిపి వాడేవారికి మెట్‌ఫార్మిన్ మోతాదును సాధారణంగా రోజుకు 1000 మిల్లీగ్రాములకు పరిమితం చేస్తారు. ఏఆర్‌టీ మాట ఎత్తకుండా షుగరు వైద్యుని ముందు కూర్చున్న రోగికి ఈ జాగ్రత్త అందదు.